టమాట రేటు మన చేతిలో లేదు, టికెట్టు కొనే రోజు మన చేతిలో ఉంది



ఈసారి రాసేది పురుగుమందు గురించి కాదు, పంట బీమా గురించీ కాదు. వండర్లా, రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి పార్కులకు పిల్లోళ్లను తీసుకపోతే టికెట్టు ఎట్ల కొంటే తక్కువలో అయితాది అని. "ఈయనకు పనేం లేదా, పత్తికొండోళ్లకు పార్కులెందుకు" అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నవ్వుకున్నాక మాత్రం చివరిదాకా చదవండి, ఎందుకంటే మీ ఇంట్లో కూడా ఈ మాట వచ్చే ఉంటాది. బడికి పోయే పిల్లోళ్లు ఉన్న ఇల్లు ఏదైనా సరే, దసరా సెలవులు దగ్గర పడితే ఇదే పోరు. ఫోన్లో నీళ్ల జారుడుబల్లలు చూసినారు, క్లాసులో ఎవరో పోయొచ్చినారు, ఇంక మనల్ని వదలరు.

మన దగ్గర ఈ పోరుకు రెండే జవాబులు ఉన్నాయి. ఒకటి, "ఈసారి పంట రానీ, పోదాం." పంట వస్తే రేటు రాదు, రేటు వస్తే పంట రాదు, పిల్లోడేమో ఇంటర్ దాటిపోతాడు. కొందరైతే జొన్నగిరి పొలాల్లో వజ్రం దొరికినప్పుడు పోదాం అన్నట్టే చెప్తారు. రెండో జవాబు, పిల్లోడు ఏడిస్తే తట్టుకోలేక పండగ సెలవుల్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పోయిరావడం. నేను చెప్పేది ఈ రెండూ వద్దని. మూడో దారి ఒకటి ఉంది. పంటకు పెట్టుబడి లెక్క వేసినట్టే దీనికీ లెక్క వేస్తే, అప్పు లేకుండా పోయి రావచ్చు.

ముందు ఒక్క విషయం గమనించండి. మనం అమ్మే సరుకుకు రేటు రోజుకొకటి. పత్తికొండ మార్కెట్‌లో 2024 డిసెంబర్‌లో టమాట కిలో రూపాయికి పడిపోయింది. అంతకుముందు సంవత్సరం, 2023 జూలైలో, ఇదే టమాట కిలో వంద దాటింది. కాయ పండినాక ఆపుకోలేం కాబట్టి అమ్మే రోజు మన చేతిలో ఉండదు. ఆ రోజు రేటు ఎంతంటే అంతకు ఇచ్చి రావాల్సిందే.

పార్కు టికెట్టు కూడా అట్లాంటి సరుకే. రద్దీ ఉన్న రోజు రేటు ఎక్కువ, లేని రోజు తక్కువ. అమెరికాలో డిస్నీవాళ్లు 2016లో రోజును బట్టి రేటు మార్చే పద్ధతి పెట్టినారు. ఇక్కడ వండర్లాలో కూడా శని, ఆదివారాలు, పండగ సెలవులు ఒక రేటు, మామూలు రోజులు ఒక రేటు. తేడా ఒక్కటే. టమాట దగ్గర మనం అమ్మేవాళ్లం, ఇక్కడ కొనేవాళ్లం. ఇక్కడ రోజును ఎంచుకునే హక్కు మనకు ఉంది. ఆదివారం తప్ప ఖాళీ లేనిది ఉద్యోగస్తులకు. మనకు ఆదివారమని సెలవు ఉందా? బుధవారమని పని ఉందా? పని ఉంటే ఆదివారమూ ఉంటాది, లేకుంటే బుధవారమూ ఉండదు. మరి మనం పోయి ఉద్యోగస్తులతో పాటు ఆదివారం లైన్లో నిలబడి ఎక్కువ రేటు కట్టడమెందుకు?

లెక్క కోసం అంకెలు పెట్టుకుందాం. ఇవి నేను అనుకున్న అంకెలు, అసలు రేట్లు మారుతుంటాయి, పోయే ముందు వాళ్ల సైటులోనే చూసుకోవాల. సెలవు రోజు టికెట్టు 1,500, మామూలు రోజు 1,200 అనుకోండి. మనిషికి 300 తేడా. అయిదు మందికి 1,500. ఒక బస్తా డీఏపీ 1,350. రోజు మార్చుకున్నందుకే డీఏపీ బస్తా మిగిలి పైన 150 వచ్చింది. దానికితోడు జనం తక్కువ, లైను తక్కువ. సెలవు రోజు నాలుగు రైడ్లు ఎక్కే టైములో మామూలు రోజు ఎనిమిది ఎక్కొచ్చు. అంటే రేటు తగ్గడమే కాదు, అదే టికెట్టుకు సరుకు కూడా ఎక్కువ వస్తాది.

ఫాస్ట్‌ట్రాక్ అని ఇంకో టికెట్టు అమ్ముతారు. లైన్లో నిలబడకుండా ముందుకు పంపే టికెట్టు. మామూలుదాని కన్నా చానా ఎక్కువ రేటు. ఆదివారం పోయేవాళ్లకు దాంతో పని ఉండొచ్చు. బుధవారం పోయేవాడికి లైనే చిన్నది, దాన్ని దాటిపోవడానికి డబ్బులెందుకు? వాన పడినాక బోరు నీళ్లు కొనుక్కున్నట్టు ఉంటాది. దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు పేచీ చెప్తా. మామూలు రోజు అంటే పిల్లోళ్లకు బడి ఉంటాది కదా అంటారు. ఉంటాది. నేను చెప్పేది, సంవత్సరంలో ఒక్క బుధవారం, సారుకు ముందే చెప్పి, సెలవు చీటీ రాసిచ్చి తీసుకపోండి అని. ఈ మాటకు కొందరు నా మీదికి వస్తారని తెలుసు. వాళ్లకు నా ప్రశ్న ఒకటే. పత్తి తీసే కాలంలో మన ఊర్లలో ఎన్ని రోజులు పిల్లోళ్లు బడి ఎగ్గొడుతున్నారు? సుగ్గికి పోయే ఇండ్లలో పిల్లోళ్లు ఎన్ని నెలలు బడికి దూరమైతున్నారు? అప్పుడు ఎవరూ అడగరు. పనికి వారాలు వారాలు మాన్పించేటప్పుడు లేని బాధ, వాని సంతోషానికి ఒక్కరోజు మాన్పిస్తే వస్తాదా? పనికి మాన్పించడం ఆపాల, అది వేరే మాట, దాని మీద నేను ఎప్పుడైనా కొట్లాడతా. ఈ ఒక్కరోజును మాత్రం తప్పు అనను. పరీక్షలప్పుడు, పదో తరగతి పిల్లోళ్లకు మాత్రం వద్దు. వాళ్లకు పరీక్షలైనాక ఎండాకాలం సెలవుల్లోనే వారం మధ్యలో చూసుకోండి. మంగళవారం బయలుదేరొద్దని ఇంట్లో అవ్వ అంటే ఆ మాట కూడా విందాం, బుధ, గురువారాలు ఉన్నాయి కదా.

రెండో లెక్క, లోపలికి ఎవరు పోవాల అనేది. వండర్లా లాంటి చోట గేటు దగ్గరే అన్ని రైడ్లకూ కలిపి ఒకే టికెట్టు. ఎక్కినా అదే, ఎక్కకపోయినా అదే. మోకాళ్ల నొప్పులున్న అవ్వను తీసుకపోయి, చెట్టు కింద చెప్పులకు, సంచులకు కాపలా కూర్చోబెట్టడానికి టికెట్టు కొంటే ఏం లాభం? అరవై దాటినోళ్లకు తగ్గింపు ఉంటాది, అయినా ఆ తగ్గింపు టికెట్టు కూడా దండగే. ఆమెకూ సంతోషం ఉండదు.

అవ్వను తీసుకపోవాలంటే రామోజీ ఫిల్మ్ సిటీ మేలు. 1996 నుంచి ఉంది, 1,600 ఎకరాల పైమాటే. ప్రపంచంలో పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణమని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. లోపల వాళ్ల బస్సులోనే తిప్పుతారు, సెట్టింగులు, తోటలు, ఆటపాటలు చూపిస్తారు. వయసైనోళ్లకు, చిన్న పిల్లోళ్లకు కూర్చొని చూసేది ఎక్కువ. వండర్లా పన్నెండేండ్ల నుంచి పాతికేండ్ల వాళ్లది. పెద్ద రైడ్లకు ఇంత పొడుగు ఉండాలని షరతు ఉంటాది, ఆరేండ్ల పిల్లోడు ఏడ్చినా ఎక్కనీయరు. ఇంట్లో ఎవరి వయసు ఎంత అనేది చూసి పార్కును ఎంచుకోండి. నలుగురు పిల్లోళ్లకు ఒకరిద్దరు పెద్దోళ్లు చాలు. అన్నదమ్ముల పిల్లోళ్లను కలిపి ఒక ఇంటోళ్లు తీసుకపోతే టికెట్లు ఎన్ని తగ్గుతాయో మీరే లెక్కేసుకోండి.

టికెట్టు అన్నిటికీ ఒకటే కాకుండా ఎక్కినదానికే కట్టే పద్ధతి కూడా ఉంది. మన తిరునాళ్లలో రంగులరాట్నం అట్లాంటిదే. 1955లో తెరిచిన డిస్నీల్యాండ్‌లో కూడా మొదట్లో రైడ్లకు వేరే వేరే చీటీలే ఉండేవి. హైదరాబాదు నాంపల్లిలో 1938లో మొదలైన నుమాయిష్ ఇప్పటికీ అంతే. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర ఉంటాది, సంక్రాంతి సెలవులు అందులోనే వస్తాయి. గేటు టికెట్టు చిన్నది, ఏది ఎక్కితే దానికి కట్టాల. పిల్లోళ్లు చిన్నవాళ్లు, ఎక్కేది రెండు మూడే, ఆడోళ్లకు బట్టలు సామాన్లు చూడాలని ఉంది అనే ఇంటికి వండర్లా కన్నా నుమాయిష్‌లో డబ్బు తక్కువ పోతాది. అదే ఇద్దరు కాలేజీ పిల్లోళ్లు పొద్దుగూకేదాకా దిగకుండా ఎక్కేవాళ్లైతే అన్నిటికీ ఒకే టికెట్టు మేలు.

మూడోది పిల్లోళ్ల టికెట్టు. బస్సులో, రైలులో వయసు చూస్తారు, పార్కుల్లో పొడుగు చూస్తారు. ఇది తెలియక గేటు దగ్గర ఆధార్ కార్డు పట్టుకొని వాదన పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వండర్లాలో 85 సెంటీమీటర్ల లోపు బిడ్డకు టికెట్టు లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆ పైన పెద్దల టికెట్టు. 140 అంటే సుమారు నాలుగు అడుగుల ఏడు అంగుళాలు. రామోజీలో కూడా అంగుళాల లెక్కే. ఏడో తరగతి పిల్లోడు పొడుగ్గా ఉంటే పెద్దల టికెట్టే. ఇంట్లో గోడకు నిలబెట్టి టేపుతో కొలవండి. 138 ఉన్నాడంటే వచ్చే సంవత్సరానికి దాటుతాడు, ఈ సంవత్సరమే తీసుకపోవడం లాభం. 140 దాటితేనే పెద్ద రైడ్లు అన్నీ ఎక్కగలడు కాబట్టి, వానికి అదే ఇష్టమైతే ఒక సంవత్సరం ఆగడం లాభం. ఏది లాభమో పిల్లోడినే అడగండి.

నాలుగోది తగ్గింపులు. కాలేజీ పిల్లోళ్లకు గుర్తింపు కార్డు చూపిస్తే తగ్గిస్తారు, జిరాక్సు కాదు, అసలు కార్డు ఉండాల. పది, ఇంటర్ పరీక్షలు రాసినోళ్లకు హాల్ టికెట్టు చూపిస్తే తగ్గించిన సంవత్సరాలు ఉన్నాయి. పరీక్షలైపోయినాయని హాల్ టికెట్టు పారేయొద్దు. ఆన్‌లైన్‌లో ముందుగా కొంటే కూడా కొంత తగ్గుతాది. కానీ రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో "సగం ధరకే టికెట్లు" అని వచ్చే లింకు నొక్కొద్దు, పార్కువాళ్ల సొంత సైటులోనే కొనండి. కొనేముందు తేదీ మార్చుకునే వీలు ఉందా లేదా చదవండి. మన పనికి వాన ఎప్పుడు అడ్డం వస్తాదో మనకే తెలియదు. విత్తనం వేసే జూన్, జూలైలలో టికెట్టు కొని పెట్టుకుంటే, సరిగ్గా ఆ రోజే పదును వాన పడుతుంది. ఇక చూపించే రేటులో జీఎస్టీ కలిసిందా లేదా చూడండి. ఈ పార్కుల టికెట్లకు మొదట 28 శాతం ఉండేది, 2018 జనవరి నుంచి 18 అయింది. వెయ్యి అని చూపించి చివర్లో 1,180 అంటే అయిదు మందికి 900 ఎక్కువ. ఆ 900 ముందే లెక్కలో ఉండాల.

బడి తరఫున పోతే గుంపు రేటు ఇంకా తక్కువ. ఊరి బడి సారుతో, హెడ్మాస్టర్‌తో తల్లిదండ్రులు కలిసి మాట్లాడితే అయ్యే పనే. ఒక్క మాట మాత్రం. మనిషికి ఇంత అని వసూలు చేసినప్పుడు టికెట్టు ఎంత, బస్సు ఎంత, భోజనం ఎంత అని విడివిడిగా చీటీ అడగండి. అడగడం అనుమానం కాదు. మార్కెట్‌లో తూకం చీటీ అడగమా? అట్లాగే.

అయిదోది ప్రయాణం. ఇక్కడే టికెట్టులో మిగిలింది పోయేది. మనకు అటు హైదరాబాదు, ఇటు బెంగళూరు, రెండూ దాదాపు మూడు వందల కిలోమీటర్లు. రెండు చోట్లా వండర్లా ఉంది, బెంగళూరుది 2005 నుంచి మైసూరు రోడ్డులో బిడది దగ్గర, హైదరాబాదుది 2016 నుంచి రావిర్యాల దగ్గర. బిడదికి పోవాలంటే బెంగళూరును దాటుకొని అవతలికి పోవాల. రావిర్యాల మనం కర్నూలు మీదుగా పోతే శంషాబాద్ దాటగానే ఔటర్ రింగు రోడ్డు పక్కన, సిటీ లోపలికి పోనవసరం లేదు. కాబట్టి మనకు హైదరాబాదే అనువు.

నలుగురైదుగురు అయితే బస్సు. ఇందులో ఆడోళ్లకు ఒక లాభం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్లకు టికెట్టు లేదు. కానీ వేరే రాష్ట్రానికి పోయే బస్సుకు అది చెల్లదు. పత్తికొండ నుంచి నేరుగా హైదరాబాదు బస్సు ఎక్కితే మొదటి కిలోమీటరు నుంచీ కట్టాల. కర్నూలు దాకా ఎక్స్‌ప్రెస్‌లో పోయి అక్కడ మారితే కర్నూలు దాకా మిగులుతాది. తెలంగాణ మహాలక్ష్మి వాళ్ల ఆడోళ్లకే, కర్ణాటక శక్తి వాళ్ల ఆడోళ్లకే, మన ఆధార్ అక్కడ పనికిరాదు. అరవై దాటినోళ్లకు మన ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, రైలులో పెద్దోళ్ల రాయితీ 2020 మార్చి నుంచి లేదు. రైలులో అయిదు నుంచి పన్నెండేండ్ల పిల్లోళ్లకు బెర్తు అడిగితే పూర్తి టికెట్టు, అడగకుంటే సగం.

పది పన్నెండు మంది అయితే తుఫాన్ బండి మేలు. బాడుగ మాట్లాడేటప్పుడు డీజిల్, టోలు, డ్రైవర్ బత్తా, తెలంగాణ పర్మిట్ అన్నీ కలిపి ఎంత అని ఒకే మాట చెప్పించుకోండి. "అవి వేరే అన్నా" అనేది తిరిగొచ్చినాక వింటే లెక్క తప్పుతాది. తెల్లారుజామున మూడు, నాలుగుకు బయలుదేరితే పార్కు తెరిచే పదకొండుకు అందుకోవచ్చు, రాత్రికి తిరుగు ప్రయాణం. లాడ్జి ఖర్చు ఉండదు. డ్రైవర్‌ను మాత్రం పగలంతా పడుకోనీయండి. రాత్రి బండి నడపాల్సింది ఆయనే, లోపల మీ పిల్లోళ్లు నిద్రపోతుంటారు.

చిన్నవిగా కనపడి పెద్దగా తినేవి ఇంకో రెండు. బయటి తిండి లోపలికి రానీయరు. సద్ది కట్టుకొని పోయి, గేటు బయట బండి దగ్గరే కడుపునిండా తిని లోపలికి పోండి. చిత్రాన్నం మధ్యాహ్నందాకా ఆగుతాది. లోపల ఒక్కపూట కొనేదానికి డబ్బు పక్కన పెట్టుకోండి, అస్సలు కొనం అనుకోవద్దు, పిల్లోళ్ల ముఖం చూసి కొంటారు. రెండోది బట్టలు. నీళ్ల ఆటలకు నైలాన్ బట్టలే ఉండాల, నూలు బట్టలు, చీరలు వేసుకొని దిగనీయరు. ఇది ముందే తెలియకుంటే మన ఆడోళ్లు టికెట్టు కొని గట్టున నిలబడాల్సి వస్తాది, లేదంటే లోపల వాళ్లు చెప్పిన రేటుకు కొనాల. కర్నూలులోనే కొనుక్కొని పోండి. ఒకరు కొన్నవి ఊర్లో నాలుగు ఇండ్లు వాడుకోవచ్చు.

ఇప్పుడు ఎవరు పోకూడదో కూడా చెప్తా. అప్పు చేసి పోయేవాళ్లు పోకూడదు. ఇరవై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 400, సంవత్సరానికి 4,800. పిల్లోడు ఎక్కింది ఒక్కరోజు, మీరు కట్టేది ఏడాది. పోవాలని ఉంటే మార్కెట్‌కు పోయొచ్చిన ప్రతిసారీ వందో యాభయ్యో డబ్బాలో వేయండి, సంవత్సరానికి టికెట్లకు అయితాయి. డబ్బా నిండకుంటే ఆ సంవత్సరం బెలుం గుహలకు పోండి, ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు పోండి. బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైన పొడుగు, దేశం నలుమూలల నుంచి వచ్చి చూసిపోతారు, మన పక్కనే ఉండి మన పిల్లోళ్లే చూడలేదు. ఎనిమిదేండ్ల లోపు పిల్లోళ్లకు అది చానా గొప్ప దినం.

"ఉన్న కష్టాలకు ఇదొకటా" అని ఇంకా అనేవాళ్లకు ఒక మాట. మన ఊర్ల నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు మనుషులు పోతూనే ఉన్నారు. బేల్దారు పనికి, వాచ్‌మన్ పనికి, అపార్టుమెంట్ల కింద రేకుల షెడ్లలో ఉండడానికి. మన పిల్లోళ్లకు ఆ ఊర్లు అంటే అమ్మానాయన ఇటుకలు మోసే ఊర్లు. వాళ్లు కూడా టికెట్టు కొనుక్కొని, గేటులో తల ఎత్తుకొని పోయి, పొద్దుగూకేదాకా ఆడుకొని వచ్చే ఊరు కూడా అదే అని ఒక్కసారైనా తెలియాల. దానికి ధనవంతులం కానవసరం లేదు. బుధవారం పోతే చాలు.

ఇంతకన్నా తక్కువలో పోయొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఎట్ల పోయినారో చెప్పండి. బుడ్డలు పీకినాక మా వీధిలోవాళ్లం పన్నెండు మందిమి తుఫాన్ మాట్లాడుకుందాం అనుకుంటున్నాం. టేపు తెచ్చి పిల్లోళ్లను గోడకు నిలబెట్టి కొలవడం అయిపోయింది. ముగ్గురు 140 లోపే ఉన్నారు.